నగరములకు వైద్యుడు పాట్రిక్ గెడ్డిస్

దేహమునకు నాడు లెట్టివో నగరమునకు వీధు లట్టివి. నాడి పట్టి చూడక మందిచ్చువాడు మంచి వైద్యుడు కానట్లే, వీధిలో నడచి చూడక దానిని బాగుచేయ బూనువాడు మంచి నగర నిర్మాత కాజాలడు. ఈ సత్యమును జీవితమంతయు బోధించి, ఆచరించి చూపిన మహనీయుడు పాట్రిక్ గెడ్డిస్. స్కాట్లండు దేశమున పుట్టి, వృక్షశాస్త్రము నభ్యసించి, అరువదవ యేట భారతదేశమునకు వచ్చి, మన పట్టణముల సందుగొందులలో కాలినడకను తిరిగిన ఈ ఆచార్యుని చరిత్రము విద్యార్థు లందరును తెలిసికొనదగినది.

గెడ్డిస్ 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన బాలటర్ అను ఊరిలో జన్మించెను. తండ్రి సైన్యములో పనిచేసినవాడు. బాల్యము పెర్త్ పట్టణము చెంత, కొండవాలున గల చిన్న యింట గడచెను. తండ్రితో కలిసి తోటపని చేయుటయు, కొండలపై తిరుగుటయు ఆ బాలునకు తొలి చదువులైనవి. ఎత్తున నిలిచి చూచినపుడు నదియు, పొలములును, పట్టణమును వేరువేరు వస్తువులుగా గాక, ఒకదాని నొకటి పోషించు ఒక్క కుటుంబముగా కానవచ్చెను. పాఠశాల చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము బ్యాంకులో ఉద్యోగము చేసెను గాని మనసు అందులో నిలువలేదు. లండను నగరమునకు పోయి సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు హక్స్‌లీ వద్ద జీవశాస్త్రము నేర్చెను.

1879లో పరిశోధనకై మెక్సికో దేశమునకు వెళ్లినపుడు ఆయనకు కన్నుల జబ్బు చేసెను. చూపు పోయినంత పని జరిగెను. చాలదినములు చీకటిగదిలో ఉండవలసి వచ్చెను. చదువుటకు లేదు, వ్రాయుటకు లేదు. అట్టి దుస్థితిలో ఆ యువకుడు కిటికీ చట్రముపై వ్రేళ్లు నిలిపి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క విషయము నంటగట్టి, వాని నడుమగల సంబంధములను మనసులో కూర్చుకొనుట అలవరచుకొనెను. చూపు మరల వచ్చెను గాని సూక్ష్మదర్శినిపై గంటల తరబడి పనిచేయు శక్తి రాలేదు. చిన్న జీవులను చూడలేని ఆ కన్నులు నగరమను పెద్ద జీవిని చూచుటకు మరలినవి.

1886లో ఆనా మోర్టన్ అను విదుషీమణిని వివాహమాడెను. మరుసటి యేడు ఆ దంపతులు ఎడింబరో నగరములోని పాతపేటకు కాపురము మార్చిరి. అచటి ఇండ్లు ఎత్తైనవి, సందులు ఇరుకైనవి, నివసించువారు నిరుపేదలు. కలవా రెల్లరు ఆ పేటను విడిచి క్రొత్తపేటకు తరలిపోయిన కాలమది. గెడ్డిస్ దంపతులు ఎదురు నడచిరి. ఇరుగుపొరుగువారిని కూడగట్టి గోడలకు సున్నము కొట్టించిరి. చెత్త పడియున్న ఖాళీ జాగాలను చిన్నతోటలుగా మార్చిరి. పడగొట్టదగిన గోడను మాత్రమే పడగొట్టి, నిలుపదగిన యింటిని నిలిపి, లోపలికి గాలి వెలుతురు వచ్చునట్లు చేసిరి. విద్యార్థులకు వసతిగృహములు నేర్పరచిరి. 1892లో గెడ్డిస్ అచటి యొక కట్టడమును తీసికొని దానిని దర్శనగోపురముగా మార్చెను. దాని శిఖరమునుండి ముందు తన నగరమును చూచి, తరువాత ఒక్కొక్క అంతస్తు దిగుచు స్వదేశమును, యూరపును, ప్రపంచమును గూర్చి తెలిసికొను ఏర్పాటు అందు గలదు. 1888 మొదలు 1919 వరకు ఆయన డండీ నగరమున వృక్షశాస్త్రాచార్యుడు. ఏడాదిలో వేసవి కాలపు తరగతులు మాత్రమే చెప్పు నియమముండుటచే మిగిలిన కాలమును నగరసేవకు వినియోగించెను.

అప్పటి మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానముపై 1914లో గెడ్డిస్ భారతదేశమునకు బయలుదేరెను. ఏండ్ల తరబడి కూర్చిన పటములు, చిత్రములు, నమూనాలతో గూడిన నగర ప్రదర్శనమును వేరొక ఓడలో పంపెను. అదే యేడు మదరాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్ నౌకయే ఆ ఓడను కూడ ముంచివేసెను. జీవితకాలపు కృషి సముద్రము పాలయ్యెను. గెడ్డిస్ క్రుంగలేదు. స్వదేశమునందలి మిత్రులు మరల సామగ్రి సేకరించి పంపగా 1915లో మదరాసున ప్రదర్శనము జరిగెను.

ఆ పిమ్మట ఆయన మన పట్టణములను చూడ మొదలిడెను. ఆనాటి పురపాలక సంఘముల వారికి ఒక్కటే మందు తెలియును. ఇరుకుపేటలో రోగములు పుట్టుచున్నవన్నచో, పటముపై బద్ద పెట్టి గీత గీచి, ఆ గీతకు అడ్డువచ్చిన యిండ్లన్నిటిని కూలద్రోసి తిన్నని వెడల్పు బాట వేయుట. గెడ్డిస్ ఈ పద్ధతిని నిర్భయముగా ఖండించెను. ఇల్లు పోయినవాడు మాయమైపోడు. ప్రక్కసందులో మరియొక యింట దూరును. ఇరుకు తొలగదు, చోటు మారును. వెడల్పైన బాటలో దుమ్ము లేచును, బండ్లు పరుగెత్తును, నీడ కరువగును. అరుగుపై కూర్చుండు వృద్ధులకు, వాకిట ఆడుకొను బిడ్డలకు, నీళ్లు మోయు స్త్రీలకు అది వీధి కాక పరాయిచోటగును.

మరి ఆయన చెప్పిన చికిత్స ఎట్టిది? ముందు పేటలోని ప్రతి సందును కాలినడకను తిరిగి చూడవలెను. ఏ యిల్లు గట్టిది, ఏది శిథిలము, ఏ చెట్టు క్రింద జనులు కూడుదురు, ఏ దారిని బడికి, బావికి, గుడికి పోవుదురు అను విషయములను పటమున గుర్తింపవలెను. అటుపిమ్మట శిథిలములైన కొలది యిండ్లను మాత్రము తొలగించి, ఆ చోట్లను చిన్న మైదానములుగా తీర్చి, చెట్లు నాటి, ఉన్న సందులనే చదునుచేసి కలుపవలెను. సాధ్యమైనంత తక్కువ కోతతో ఎక్కువ ఆరోగ్యము కూర్చు శస్త్రచికిత్స ఇది. తంజావూరు, మధుర మొదలు లాహోరు వరకు అనేక నగరములకు ఆయన ఈ దృష్టితోనే నివేదికలు వ్రాసెను. చెరువులు పూడ్చవలదనియు, వానిని శుభ్రపరచి కాపాడుకొనవలెననియు హెచ్చరించెను.

1917వ సంవత్సరము ఆయనకు దారుణమైనది. పెద్దకుమారుడు ఆలస్డేర్ ఫ్రాన్సు దేశమున యుద్ధరంగమున మరణించెను. ఆ వార్త వచ్చునప్పటికి భార్య ఆనా భారతదేశముననే జ్వరపీడితయై మంచము పట్టియుండెను. గెడ్డిస్ ఆమెకు కొడుకు మరణమును తెలియనీయలేదు. కొన్నివారములకే ఆమెయు కన్నుమూసెను. ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన ఇందూరు సంస్థానమునకు పనిచేయ పూనుకొనెను.

ఇందూరులో అప్పుడు ప్లేగు భయము మెండుగా నుండెను. ఆజ్ఞలతో, జరిమానాలతో వీధులు బాగుపడవని గెడ్డిస్ ఎరుగును. దీపావళికి గొప్ప ఊరేగింపు జరుగుననియు, ఏ పేటవారు తమ యిండ్లను వీధులను అందరికంటె శుభ్రముగా నుంచుదురో ఆ పేటగుండా ఊరేగింపు సాగుననియు ప్రకటింపించెను. ఊరంతయు పోటీపడి చీపుళ్లు పట్టెను. బండ్లకొలది చెత్త వెలుపలికి పోయెను. ఊరేగింపులో పాకీపనివారు తెల్లని క్రొత్తబట్టలు కట్టి పూలమాలలతో నడచిరి. మురికిభూతమును, ప్లేగు ఎలుకను పెద్ద బొమ్మలుగా చేసి తుదకు దహనము చేసిరి. నగరమునకు తులసిమొక్కలు పంచిరి. అంతవరకు తలవంచుకొని నడచిన పాకీవారిని ఊరంతయు గౌరవించిన దినమది. వీధి క్షేమము ఇంజనీరుల కొలతబద్దలోనే గాక, ఆ వీధివారి మనసులో కూడ ఉన్నదని ఇందూరు నిరూపించెను.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయము ఆయనను సమాజశాస్త్రాచార్యునిగా నియమించెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు స్థలము పరిశీలించి నిర్ణయించుటలో ఆయన సలహా తోడ్పడెను. నేడు ఆ ప్రాంగణమున చెట్లనీడను నడచు విద్యార్థులలో చాలమంది ఆయన పేరు విని యుండరు.

1925లో ఆయన టెల్ అవీవ్ నగరమునకు రచించిన ప్రణాళిక వీధులను గూర్చిన ఆయన భావముల కన్నిటికి సారము. వాహనములు సాగుటకు పెద్దవీధులు కొన్ని. వాని నడుమ విశాలమైన నివాసఖండములు. ఖండము లోపల ఇండ్లకు పోవుటకు మాత్రమే ఉపయోగించు ఇరుకుదారులు. మధ్యన అందరికిని చెందిన తోట. లోపలిదారులను కావలసియే ఇరుకుగా నుంచెను. దూరము పోవు బండి అందు జొరబడుటకు ఆశ కలుగరాదు, పిల్లలు జంకులేక ఆడుకొనవలెను. ఆ తోటలన్నియు ఆయన కోరినట్లు ఏర్పడలేదు గాని, ఆ ప్రణాళికపై పెరిగిన నగరభాగమును 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను.

గెడ్డిస్ జీవితమున విజయములకంటె వైఫల్యములే యెక్కువ. మాట గొణిగినట్లుండెడిది, భావములు ఒకదానిపై నొకటి దొరలుకొని వచ్చెడివి, వినువారు తికమకపడెడివారు. పలువురు అధికారులకు ఆయన చాదస్తుడుగా తోచెను. నివేదికలలో ఎక్కువ భాగము బీరువాలలో నిలిచిపోయెను. 1924లో ఫ్రాన్సులోని మాంపెల్యే నగరమున ఒక విద్యాలయమును నెలకొల్పి శేషజీవితము నచట గడపెను. 1932లో సర్ బిరుదము నొందిన కొలదికాలమునకే, ఏప్రిలు 17వ తేదీన, అచటనే పరమపదించెను.

ఆయన కాలమున వీధికి శత్రువు ప్లేగు. నేడు శత్రువు వేగము. 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,000 మందికి పైగా మరణించిరి. వారిలో 32,000 మందికి పైగా కాలినడకను పోవువారే. ప్రమాదము జరిగిన ప్రతిచోట బాటను ఇంకను వెడల్పు చేయవలెనను కేక నేటికిని వినబడుచున్నది. కాని బాట వెడల్పైనకొలది వాహనము వేగమును పెంచును, వీధి దాటు ముదుసలికి దూరము పెరుగును. కాలిబాటను కోసి బండ్లబాటలో కలిపినచో సైకిలుపై బడికి పోవు బాలుడు లారీ ప్రక్కకు నెట్టబడును. 2006లో వెలువడిన జాతీయ నగర రవాణా విధానము రోడ్లు వాహనములకొరకు కాక మనుష్యులకొరకని అంగీకరించెను. గెడ్డిస్ ఆ మాటను దాదాపు ఒక శతాబ్దమునకు ముందే మన సందులలో నడచి తెలిసికొనెను.

ఆయన విధానము నేర్చుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఒక ఉపాధ్యాయుడు తన తరగతిని వెంటబెట్టుకొని బడిచుట్టును నడచి, పిల్లలు ఎచట వీధి దాటుచున్నారో, ఎచట నీడ లేదో, ఎచట కాలిబాట తెగిపోయినదో కాగితముపై గుర్తించినచో, అదియే గెడ్డిస్ కోరిన నగర పరీక్ష. పురపాలక సంఘము గీత గీయుటకు ముందు ఆ కాగితమును చూడవలెను.