కాటమరాజు నుంచి కౌబాయ్ దాకా: ఆరుద్ర

తెలుగులో కౌబాయ్ సినిమా అనగానే అందరికీ హీరో కృష్ణ గుర్తొస్తారు. టోపీ, గుర్రం, తుపాకీ ఆయనవే. ఆ టోపీ కింద తెలుగు కథను, తెలుగు మాటను అమర్చిన మనిషి మాత్రం ఆరుద్ర. బడిలో ఆయన పేరు వస్తే సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన పండితుడని చెప్పి పిల్లలతో రాయించి ఊరుకుంటాం. మిగతా సగం కూడా చెబితే పిల్లలు కాస్త ముందుకు జరిగి కూర్చుంటారని మా నమ్మకం.

ఆయన అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో పుట్టారు. శివుడి నక్షత్రమైన ఆరుద్రను కలం పేరుగా పెట్టుకున్నారు. శ్రీశ్రీకి బంధువు కూడా. విజయనగరంలో కాలేజీ చదువు సాగుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1943లో వైమానిక దళంలో చేరారు. అక్కడ ఆయన పని విమానాలతో కాదు, బ్యాండు మేళంతో. 1947లో బయటికొచ్చి మద్రాసు చేరి, కొన్నాళ్లు ఆనందవాణి పత్రిక చూశారు. 1949లో త్వమేవాహం కావ్యం వెలువడింది. నిజాం రాజ్యంలో రజాకార్ల దౌర్జన్యం దాని వెనుక ఉన్న నొప్పి. ఆ రాజ్యంలో అప్పటికి మన రాయచూరు కూడా భాగమే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి తర్వాత మైసూరు రాష్ట్రానికి వచ్చాం. ఆ కావ్యం మన తాతల కాలపు సంగతే అని పెద్ద తరగతుల పిల్లలకు చెప్పొచ్చు.

ఆ తర్వాత సినిమా పాటలు, మాటలు. 1954లో రచయిత్రి కె. రామలక్ష్మితో పెళ్లి. పాటల గురించి అందరూ రాశారు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాం. మనకు కావలసింది ఆయనలోని ఇంకో పిచ్చి: చిక్కుముడి వేయడం, విప్పడం. ఆరుద్రకు చదరంగం ప్రాణం, దానిమీద పుస్తకమే రాశారు. పలకల వెండిగ్లాసు లాంటి అపరాధ పరిశోధక నవలలూ రాశారు. 1966లో గూఢచారి 116కు రచన చేశారు. తెలుగులో గూఢచారి సినిమాలకు దారి వేసింది అదే. పండితులు చిన్నచూపు చూసే సరుకని ఆయన జంకలేదు.

1971 ఆగస్టు 27న మోసగాళ్ళకు మోసగాడు విడుదలైంది. పద్మాలయా వారి చిత్రం, దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. దాస్ తర్వాత కన్నడంలోనూ విష్ణువర్ధన్‌తో చాలా సినిమాలు తీశారు కాబట్టి మన ఊళ్లలో పెద్దవాళ్లకు రెండు వైపుల నుంచీ తెలిసిన పేరు. ఆరుద్ర ముందున్న చిక్కు చిన్నది కాదు. కౌబాయ్ అంటే అమెరికా పశువుల కాపరి. 1865లో అక్కడి అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ నుంచి రైలు స్టేషన్ల దాకా వేల పశువుల్ని తోలుకెళ్లిన కూలీ. ఆ బతుకు నిజంగా సాగింది సుమారు ఇరవై ఏళ్లే. ముళ్లకంచెలు వచ్చి మేత భూములు మూసుకుపోయాయి, రైలు పట్టాలు దగ్గరికొచ్చాయి, కూలీ మాయమయ్యాడు. కథ మిగిలింది. ఓవెన్ విస్టర్ 1902లో, జేన్ గ్రే 1912లో రాసిన నవలలు దాన్ని ప్రపంచమంతా తిప్పాయి. అలాంటివాణ్ని గోదావరి జిల్లాలోనో, కర్నూలులోనో దింపితే ఎవరు నమ్ముతారు?

ఆరుద్ర కాలాన్ని వెనక్కి జరిపారు. ఇంగ్లీషువాళ్లు సంస్థానాలను మింగుతున్న రోజులు, పడిపోయిన అమరవీడు సంస్థానం, దాచిన నిధి. ఆ రోజుల్లో గుర్రాలూ తుపాకులూ మన నేలమీద వింత కాదు. దొరల కాలం కాబట్టి టోపీ కూడా ఇమిడిపోయింది. నాగభూషణం వేసిన పాత్రకు నక్కజిత్తుల నాగన్న అని పేరు పెట్టగానే పరాయి వేషం సగం ఊడిపోయింది. ఎడారి కోసం రాజస్థాన్ వెళ్లారు. అరువు సరుకు లేదని మేమనం. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే సినిమాల నీడ అందులో బాగా కనిపిస్తుంది. అయితే లియోనే మాత్రం? అమెరికా కథను ఇటలీవాడు స్పెయిన్ కొండల్లో తీశాడు. మన కర్ణాటకలోనే రామనగరం బండల మధ్య షోలే తీయలేదా? మనకు ఈ కథలు కొత్తగా అనిపించకపోవడం వింతేం కాదు.

ఈ కథలు పిల్లల్ని ఎందుకు కట్టిపడేస్తాయో కాస్త ఆగి చూడాలి. లియోనే 1966 సినిమాలో బంగారం ఏ శ్మశానంలో ఉందో ఒకడికి తెలుసు, ఏ సమాధిలో ఉందో ఇంకొకడికి తెలుసు. ఇద్దరికీ పడదు, అయినా ఒకరినొకరు చంపుకోలేరు. తుపాకీ మోత కన్నా ఈ సగం సగం తెలియడమే పేజీ తిప్పిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఫోనులో హిందీ, ఇంగ్లీషు ఉన్న మన పిల్లవాడికి తెలుగు చదవడం మార్కుల పనే అయితే పరీక్షతోనే ముగుస్తుంది. తర్వాతి పేజీలో ఏమైందో తెలియాలన్న ఆత్రం ఉంటే ఒత్తులూ గుణింతాలూ ఆ ఆత్రంలోనే పట్టుబడతాయి. నెత్తురు, పగ ఎక్కువైన పుస్తకాల్ని పెద్దలు ముందు చదివి పక్కన పెట్టాల్సిందే. అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మాత్రం మాకు సమ్మతం కాదు.

ఇక మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. కౌబాయ్ సినిమాకు చాలా ముందే ఆరుద్ర కాటమరాజు కథను నాటకంగా రాశారు. కాటమరాజు పదమూడో శతాబ్దపు గొల్లల నాయకుడు. కరువొచ్చి పశువుల మందల్ని నెల్లూరు సీమకు తోలుకెళ్లి, అక్కడి రాజు నల్లసిద్ధితో ఒప్పందం చేసుకున్నాడు: గడ్డి మందకు, పుట్టిన కోడెదూడలు రాజుకు. ఆ ఒప్పందం చెడింది, పుల్లరి తగాదా యుద్ధమైంది. రాజు పక్షాన ఖడ్గ తిక్కన పోరాడి నేలకొరిగాడు. మేత, నీళ్లు, మాట తప్పడం, చివర పోరు. టెక్సాస్ కథల్లో ఉన్నదంతా పాలేటి ఒడ్డున ఎప్పుడో ఉంది, తుపాకీ తప్ప. విరాటపర్వంలో కౌరవులు ఆవుల మందను తోలుకుపోతుంటే మారువేషం విడిచి రథమెక్కిన అర్జునుణ్ని మనవాళ్లు అంతకన్నా ముందే ఎరుగుదురు. గొర్రెల మందలతో ఊరూరూ తిరిగే కుటుంబాల పిల్లలు మన తరగతుల్లో ఉంటే ఈ కథ వాళ్లకు మనకన్నా బాగా అర్థమవుతుంది.

గూఢచారి కథ రాసిన దరిదాపుల్లోనే, 1965 నుంచి, సమగ్ర ఆంధ్ర సాహిత్యం సంపుటాలుగా రావడం మొదలైంది. ఏ విశ్వవిద్యాలయమో చేయాల్సిన పని ఒక్కడే తలకెత్తుకున్నారు. కవుల కాలాల్ని తేల్చడంలో ఆయన అడుగులు చూస్తే అపరాధ పరిశోధకుడి నడకే అనిపిస్తుంది: ఆధారం వెతకడం, అనుమానించడం, ఒక్కో ముడీ విప్పడం. 1987లో గురజాడ గురుపీఠానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1998 జూన్ 4న ఆయన కన్నుమూశారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం సంపుటాలు బడి బీరువాలోకి చేరితే, వాటి పక్కనే పలకల వెండిగ్లాసుకూ చోటివ్వండి. ముందు ఏది అరిగిపోతుందో మాకు తెలుసు.