కాటన్ దొర

రాయలసీమ నైఋతి కొనయందలి శాంతిపురము, కుప్పము, పుంగనూరు ప్రాంతములలో జీవనది లేదు. పాలారు ఏడాదిలో అధికభాగము ఇసుకయే. ఎగువ చెరువు నిండి అలుగు పారినప్పుడే దిగువ చెరువునకు నీరు. వాన వరుసగా రెండేండ్లు తప్పినచో చెరువును ఎండును, గాదెయు ఎండును. 1876లో, ధాతనామ సంవత్సరమున, ఆరంభమైన కరవు మద్రాసు రాజధానిలో లక్షలాది జనమును బలిగొన్నది. మదనపల్లె నాడు కడప జిల్లాలోనిది. కుప్పము, పుంగనూరు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివి. కర్నూలు, బళ్లారులతోపాటు ఈ రెండు జిల్లాలును ఆ కరవునకు మిక్కిలి నలిగినవి.

ఆ కరవు చల్లారకమునుపే, 1878లో, లండనులో పార్లమెంటు సభ్యుల సంఘ మొకటి ఇండియాలోని ప్రజోపయోగ నిర్మాణములను గూర్చి విచారణ జరిపెను. డెబ్బదియైదేండ్ల వృద్ధు డొకడు ఆ సంఘము నెదుట నిలిచి, ఈ దేశమునకు రైలుదారులకంటె కాలువలే ముఖ్యమనియు, వానితో పంటయు, పడవ రవాణాయు రెండును సిద్ధించుననియు వాదించెను. సంఘము ఆయన మాట నంగీకరింపలేదు. గోదావరి తీరమున మాత్రము ఆ వృద్ధుని మాట ఋజువై అప్పటికే పాతికేండ్లు గడచినవి. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. తలిదండ్రుల పదునొకండుగురు బిడ్డలలో ఆయన యొకడు. ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో మద్రాసు ఇంజనీరుల దళమున పనిచేయుటకై ఈ దేశమునకు వచ్చెను. బర్మా యుద్ధమునకు వెళ్లి వచ్చినపిమ్మట కావేరి పనులు ఆయనచేతి కందినవి. అచ్చట ఆయనకు దొరకిన గురువు మనిషి కాదు, చోళులనాటి కల్లణై. అడుగులేని ఇసుకలో రాతికట్టడము వందలయేండ్లు ఎట్లు నిలిచినదో ఆయన దానిని చూచియే తెలిసికొనెను. ఈ ఋణమును ఆయన ఎన్నడును దాచలేదు. ఆ విద్యతోనే 1836 నాటికి కొల్లడమునకు ఎగువ ఆనకట్ట కట్టించెను.

గోదావరి సీమ నాడు ధాన్యాగారము కాదు. 1833 ప్రాంతముల నందన కరవు ప్రజలను అస్థిపంజరములను చేసెను. జనులు దానిని డొక్కల కరవు అనిరి. 1839లో కోరంగిని తుపాను ముంచెను. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7,38,000 పైచిలుకు; 1841 నాటికి అది 5,61,000కు దిగెను. కొందరు చచ్చిరి, కొందరు ఊళ్లు విడిచిరి. వింత యేమనగా, అంత మహానది ఆ పొలముల ప్రక్కనే ప్రవహించి సముద్రమున పడుచుండెను.

కాటన్ ఆ డెల్టాను కాలినడకను, గుఱ్ఱముమీదను తిరిగి చూచి, 1844, 1845లలో ప్రభుత్వమునకు నివేదికలు పంపెను. 1846 డిసెంబరులో అనుమతి లభించెను. 1847లో పని మొదలయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొని ఆనకట్ట సాగినది. ఇసుకలోనికి నూతులు దింపి పునాదులు వేసిరి. ధవళేశ్వరము కొండరాయి పట్టాలబండ్లపై నదికి చేరెను. పదివేలమంది కూలీలను ఒక్కచోట కూర్చి నడపుట సామాన్యము కాదు. ఆ భారమును మోసిన తెలుగువాడు వీణెం వీరన్న. ఆయనకు రాయబహద్దరు బిరుదు వచ్చినది. గోదావరి కథ చెప్పునపుడు వీరన్న పేరు విడుచుట న్యాయము కాదు.

నడుమ కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై వెళ్లవలసివచ్చెను. కెప్టెన్ ఓర్ పని నడపెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ ఓర్ దొరయే 1855 నాటికి బెజవాడకడ కృష్ణ ఆనకట్టను ముగించెను. ధాత కరవునాడు మెట్టజిల్లాలు మాడుచుండగా ఈ డెల్టాలలో వరి పండినది. పొరుగుసీమల జనము అన్నమునకై అచ్చటికి నడచిరి.

మెట్టకును నీరియ్యవలెనని కాటన్ తలపోయకపోలేదు. ఆయన ప్రోత్సాహముతో 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసులనుండి కడపవరకు కాలువ త్రవ్వినది. ఖర్చు మితిమీరెను, నల్లరేగడి రైతులు నీరు తీసికొన జంకిరి, 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. వానకే కట్టుబడిన సేద్యమునకు కాలువ నీటిని అలవాటు చేయుట ఒక్క తరములో తీరు పని కాదు. ఆ కాలువయైనను కుప్పమువైపు రాలేదు. కృష్ణనీరు హంద్రీ–నీవా కాలువమీదుగా కుప్పము చెరువులకు చేరుట 2025 నాటి మాట.

ఆయన జీవితమున ఎక్కువమంది ఎరుగని ఘట్ట మింకొకటి కలదు. 1860లో ఉద్యోగము విడిచి స్వదేశము చేరిన కాటన్, 1867లో ఒక సందేహమును ఇండియా మంత్రి దృష్టికి తెచ్చెను. నదులకడ్డముగా కట్టిన ఆనకట్టలు గ్రుడ్లు పెట్టుటకై ఎదురెక్కు చేపల దారిని మూసి, తీరమందలి చేపలపంటకు చెరుపు చేయుచున్నవేమో యని. ఆనకట్టలు కట్టి పేరు పొందినవాడే ఈ ప్రశ్న నెత్తుట గమనింపదగినది. డెల్టాలో వరి ఎంతటి అన్నమో, నదీతీరమున చేప అంతటి అన్నము. సముద్రమున ఇలస యనబడునది వరదనీటి కెదురీది గోదావరిలో పులస యగును. దాని దారికే గోడ అడ్డము వచ్చినది.

ఆ ప్రశ్నవలన మద్రాసు రాజధానిలో విచారణ ఆరంభమయ్యెను. డాక్టర్ ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు నదులవెంట తిరిగి పరిశీలించెను. దారి విడువని ఆనకట్టలవలన ఇలసకు హాని గలదనియు, సన్నకన్నుల వలలతో పిల్లచేపలను పట్టుట మఱియొక కీడనియు ఆయన తేల్చెను. ఆయన 1873 నాటి నివేదిక, పిమ్మటి మత్స్యగ్రంథము ఈ దేశపు మత్స్యశాస్త్రమునకు పునాదులైనవి. చేపలకు మెట్లదారులు కట్టు ఆలోచనలు సాగినవి కాని, కాలువల విషయమున చూపిన పట్టుదల ప్రభుత్వము వీనియందు చూపలేదు.

కాటన్ వార్ధక్యమంతయు డార్కింగు గ్రామసీమలో గడచెను. తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ వేసి, కొద్ది నేలలో ఎంత పండునో ప్రయోగించి చూచుకొనుచుండెడివాడు. 1899 జూలైలో, తొంబదియారేండ్ల వయస్సున, అచ్చటనే మరణించెను. గోదావరి స్నానసంకల్పమున ఆయనను స్మరించు పండితు లుండిరి. పాత ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజి 1982లో పూర్తియయ్యెను. దానికి ఆయన పేరే పెట్టిరి. వరదకాలమున ఎగువ కెక్కవచ్చిన పులస నేటికిని ఎక్కువగా దాని దిగువనే వలలకు చిక్కుచున్నది.