కార్మెల్‌లో రెండు సమాధులు: పునీత హునీపెరో సెర్రా గారి జీవితం

అమెరికా పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో కార్మెల్ అనే చిన్న పట్టణమున్నది. అక్కడి పాత స్పానిష్ మిషను దేవాలయాన్ని దర్శించే యాత్రికులు ముందుగా బలిపీఠం చెంతకు వెళతారు. ఆ నేల క్రింద పునీత హునీపెరో సెర్రా గారు విశ్రమిస్తున్నారు. గుడి ప్రక్కనున్న తోటలోకి వస్తే, ఆల్చిప్పల వంటి పెద్ద సముద్రపు చిప్పలతో అలంకరించిన మట్టి సమాధులు కనిపిస్తాయి. అవి ఆ నేలకు సొంతవారైన ఆదివాసులవి. ఈ రెండింటినీ చూడనిదే సెర్రా గారి చరిత్ర పూర్తి కాదు.

ఆయన స్పెయిన్ దేశపు మయోర్కా ద్వీపంలో, పెత్రా గ్రామాన, 1713 నవంబరు 24న సామాన్య రైతు కుటుంబంలో జన్మించారు. 1730లో పునీత ఫ్రాన్సిస్ వారి సభలో చేరి, ఫ్రాన్సిస్ వారి సహచరులలో ఒకరి పేరైన హునీపెరోను తన పేరుగా స్వీకరించారు. గురుపట్టం పొంది, పాల్మా నగర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై మంచి పేరు గడించారు. అయినను ఆ పదవిని విడిచి 1749లో మెక్సికోకు ఓడ ఎక్కారు. వృద్ధులైన తల్లిదండ్రులకు ముఖాముఖి చెప్పలేక, కాదిజ్ రేవు నుంచి ఉత్తరం వ్రాసి సెలవు తీసుకున్నారు. ఆ ఉత్తరాన్ని వారికి చదివి వినిపించమని బంధువైన ఒక మఠవాసిని కోరారు.

వేరాక్రూజ్ రేవులో దిగి మెక్సికో నగరానికి కాలినడకన బయలుదేరారు. దారిలో పురుగు కుట్టి కాలు వాచింది. ఆ బాధ జీవితాంతం ఆయనను వదలలేదు. సియెర్రా గోర్దా కొండలలో పామే ప్రజల మధ్య సుమారు ఎనిమిదేళ్ళు పనిచేశారు; వారి భాష నేర్చుకున్నారు.

1769 జూలై 16న, కుంటుతూనే ఉత్తరానికి వెళ్ళి, సాన్ దియేగోలో తొలి మిషనును స్థాపించారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. ఆయన జీవితకాలంలో మిషనులు తొమ్మిదయ్యాయి. తరువాతి వారి కాలంలో 21కి చేరాయి.

సిపాయిలు ఆదివాసి స్త్రీలపై చేసిన అత్యాచారాలను సెర్రా గారు సహించలేదు. వారికి దూరంగా ఉండాలనీ, సాగుకు మంచి నేల కావాలనీ 1771లో మిషనును మొంతెరే కోట వద్దనుంచి కార్మెల్‌కు మార్చారు. ఎంతో దూరం ప్రయాణం చేసి, 1773లో మెక్సికోలో రాజప్రతినిధి బుకరేలి గారికి 32 అంశాల విన్నపం సమర్పించారు. 1775లో కుమేయాయ్ ప్రజలు సాన్ దియేగో మిషనును తగులబెట్టి ఫాదర్ లూయిస్ హైమేను చంపినప్పుడు, దోషులకు మరణశిక్ష వద్దని వేడుకున్నారు.

అయితే మరొక సత్యమున్నది. జ్ఞానస్నానం పొందినవారు మిషను విడిచి స్వేచ్ఛగా పోవడానికి వీలులేదు. పారిపోయినవారిని సిపాయిలు పట్టి తెచ్చేవారు, కొరడా దెబ్బలుండేవి. తండ్రి బిడ్డలను దండించినట్లే ఇదీ అని సెర్రా గారు సమర్థించారు. యూరపు నుంచి వచ్చిన రోగాలు మిషనులలో గుమిగూడిన జనాన్ని, ముఖ్యంగా పసిబిడ్డలను, బలిగొన్నాయి. తోటలోని సమాధులకు ఇదే నేపథ్యం.

1784 ఆగస్టు 28న సెర్రా గారు కార్మెల్‌లో కన్నుమూశారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1988లో ఆయనను ధన్యులుగా, ఫ్రాన్సిస్ పోపుగారు 2015 సెప్టెంబరు 23న వాషింగ్టన్‌లో పునీతులుగా ప్రకటించారు. కొద్దిరోజులకే కార్మెల్‌లోని ఆయన విగ్రహాన్ని ఎవరో పడగొట్టి రంగు పూశారు. 2020లో మరికొన్ని విగ్రహాలు కూలాయి. ఆదివాసుల వంశీయులలో ఆయనను గౌరవించే విశ్వాసులూ ఉన్నారు, తమ పూర్వుల బాధను మరువలేనివారూ ఉన్నారు.

పునీతులు సైతం తమ కాలపు చూపుకు లోబడినవారే. ఆయన త్యాగం నిజం, ఆయన మంద పడిన బాధ కూడా నిజం. దూరం నుంచి సువార్త తెచ్చినవారిని కృతజ్ఞతతో తలచుకునే మనం, దానిని అందుకున్నవారు ఏమి పోగొట్టుకున్నారో కూడా అడగాలి. కార్మెల్‌కు వెళ్ళే విశ్వాసి బలిపీఠం వద్ద మోకరించిన తరువాత, తోటలోని ఆ పేరులేని సమాధుల వద్ద కూడా కొంతసేపు నిలిచి ప్రార్థించడం న్యాయం.