శ్రమజీవి మనసును ఆలకించిన ఎల్టన్ మేయో

వాణిజ్యశాస్త్రం, ప్రభుత్వపాలనశాస్త్రం చదివే విద్యార్థులకు ఎల్టన్ మేయో పేరు కొత్త కాదు. హాథోర్న్ ప్రయోగాలు అనే శీర్షిక కింద ఒకటి రెండు పుటలలో ఆయనను చదివి, పరీక్షకు కావలసిన నాలుగు అంశాలు కంఠస్థం చేసి వారు ముందుకు సాగిపోతారు. సాహిత్యబోధన మా వృత్తి గనుక ఆ శాస్త్రంలో మాకు అధికారం లేదు. అయినను ఆ నాలుగు అంశాల వెనుక ఉన్న మనిషి కథ చదివిన నాటినుండి అది మమ్ము విడువలేదు. వైద్య కళాశాలలో సీటు రాక కుమిలిపోయే పిల్లలను ఏటేటా చూచే అధ్యాపకులము గనుక ఈ కథను ఇక్కడ చెప్పబూనినాము.

జార్జి ఎల్టన్ మేయో 1880 డిసెంబరు 26న దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలేడ్ నగరంలో జన్మించినాడు. తాతగారు ఆ నగరంలో పేరు మోసిన వైద్యుడు. అక్క హెలెన్ వైద్యవిద్యలో ఉత్తీర్ణురాలై, శిశువైద్యంలో గొప్ప కీర్తి గడించి, 1914లో అడిలేడ్ విశ్వవిద్యాలయ పాలకమండలికి ఎన్నికైనది. ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయ మండలికి ఎన్నికైన మొదటి మహిళ ఆమెయే. తమ్ములలో ఒకరు శస్త్రవైద్యుడు, మరొకరు న్యాయమూర్తి అయినారు. అటువంటి ఇంట ఎల్టన్ కూడా డాక్టరు కావలెనని పెద్దల కోరిక. అడిలేడ్‌లో చేరినాడు, తప్పినాడు. ఎడింబరోకు పంపినారు, అక్కడ నిలువలేదు. లండన్‌లో ఒక ఆసుపత్రికి అనుబంధమైన వైద్యపాఠశాలలో చేర్పించినారు, అదీ పూర్తి కాలేదు. మూడు చోట్ల మూడు వైఫల్యాలు!

అటుపిమ్మట ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని ఒక బంగారు గని ప్రాంతానికి పోయి, జబ్బుపడి తిరిగివచ్చినాడు. లండన్‌లో పత్రికలకు వ్యాసాలు వ్రాసినాడు. అక్కడి శ్రామికుల కళాశాలలో పగలంతా పని చేసి సాయంకాలం చదువుకొన వచ్చే వారికి పాఠాలు చెప్పినాడు. 1905లో ఇల్లు చేరి ఒక ముద్రణాలయంలో భాగస్వామిగా ఉన్నాడు. పెద్దింటి బిడ్డ ఎందుకూ కొరగాకుండా పోయినాడని బంధువులు అనుకొని ఉంటారు. ఇరువదియారేండ్లు దాటిన పిమ్మట మరల విశ్వవిద్యాలయ ద్వారం తొక్కి, ఈసారి తత్త్వశాస్త్రమూ మనస్తత్త్వశాస్త్రమూ చదివినాడు. విలియం మిచెల్ అనే ఆచార్యుడు ఈ శిష్యుని ప్రతిభను గుర్తించినాడు. 1911లో బ్రిస్బేన్ నగరంలో కొత్తగా వెలసిన క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మేయో అధ్యాపకుడైనాడు, తరువాత అక్కడనే తత్త్వశాస్త్ర ఆచార్యపదవి నందినాడు. 1913లో డొరొతియా మెకానెల్‌ను వివాహమాడినాడు. వారికి ఇద్దరు కుమార్తెలు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులలో కందకాల నుండి తిరిగివచ్చిన సైనికులు కొందరు ఒడలిపై గాయం లేకుండానే వణకుచుండిరి. నిద్ర లేదు, మాట పెగలదు. మేయో ఒక వైద్యునితో కలిసి వారిని పరామర్శించినాడు. మందు ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఉన్నదల్లా ఎదుట కూర్చుండి వినడం. వినగా వినగా కొందరు కుదుటపడినారు. ఫ్రెంచి మనోవైద్యుడు పియేర్ జానే గ్రంథాలు ఆయనకు దారి చూపినవి. అలసిన మనస్సు ఒకే దిగులును పదేపదే తిరుగవేయునని జానే బోధించినాడు. సైనికునిలో చూచిన ఈ స్థితి యంత్రం ముందు నిలిచిన కార్మికునిలో కూడా ఉండదా అని మేయో యోచించినాడు. ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదని మా అభిప్రాయం.

1922లో ఇంగ్లండు పోవలెనని బయలుదేరి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినాడు. చేతిలో డబ్బు చాలలేదు. అక్కడక్కడ ఉపన్యాసాలిచ్చి, పరిచయాలు సంపాదించి, చివరకు రాక్‌ఫెల్లర్ ధనసహాయంతో 1923లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైనాడు. అప్పుడే ఫిలడెల్ఫియా సమీపాన ఒక బట్టలమిల్లు యజమాని నుండి పిలుపు వచ్చినది.

ఆ మిల్లులో నూలు వడికే శాఖ ఒకటి శాపగ్రస్తమై ఉన్నది. మిగిలిన శాఖలలో ఏడాదికి నూటికి ఐదారుగురు పని మానుచుండగా, ఈ శాఖలో నలుబదిమంది నిలిచి ఉండుటకు ఏటా సుమారు నూరుగురిని కొత్తగా చేర్చుకొనవలసి వచ్చేది. నిపుణులు వచ్చి నాలుగు విధాల బోనసు పథకాలు పెట్టినారు, ఒక్కటీ పారలేదు. మేయో ఆ శాఖలోకి పోయి నిలబడి చూచినాడు. యంత్రాల నడుమ పొడవైన నడవలో కార్మికుడు రోజంతా ఇటునుంచి అటు నడుచుచు, తెగిన పోగులను అతుకుచుండవలెను. చుట్టూ యంత్రాల హోరు. పక్కవానితో ఒక్క మాట ఆడుటకు వీలు లేదు. కాళ్ళు పీకును, నడుము నొచ్చును. చేతులు పనిలో ఉండగా మనస్సు ఒంటరిగా దిగులు నెమరువేయుచుండును. మిల్లులోని నర్సు ముందు వారు తమ గోడు వెళ్ళబోసుకొనేవారు. ఆమె ద్వారానే మేయోకు చాలా సంగతులు తెలిసినవి.

ఆయన సూచించిన మందు ఎంతో సామాన్యమైనది. ఉదయం రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు పదేసి నిమిషాల విరామం. ఆ పది నిమిషాలు కార్మికుడు కాళ్ళు చాపి పడుకొనవచ్చును. 1923 అక్టోబరులో ఇది మొదలైనది. ముందుగా మూడవ వంతు మందికే ఇచ్చినారు. ఆశ్చర్యమేమనగా, విరామం దొరకని వారిలో కూడా ఉత్సాహం పెరిగినది. తమను పట్టించుకొనే వారున్నారనే భావమే దానికి కారణం కావచ్చును. ఎన్నడూ బోనసు ముఖం చూడని శాఖ బోనసు అందుకొన్నది. మరుసటి ఫిబ్రవరిలో సరుకు తొందరగా కావలసి వచ్చి పైఅధికారి విరామాలు రద్దు చేసినాడు. కొద్ది రోజులలోనే ఉత్పత్తి కిందికి దిగజారినది. మిల్లు అధ్యక్షుడు యుద్ధంలో కర్నలుగా పనిచేసినవాడు, ఆ కార్మికులలో కొందరు ఫ్రాన్సులో ఆయన కింద పోరాడినవారే. ఆయన దిన దినం నాలుగుసార్లు యంత్రాలనే ఆపివేయుడని ఆజ్ఞ ఇచ్చినాడు. ఏడాది గడిచేసరికి ఆ శాఖలో పని మానేవారి సంఖ్య మిగతా శాఖలతో సమానమైనది.

ఈ విజయంతో 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వ్యాపారవిద్యాలయం మేయోను ఆహ్వానించినది. ఇక ప్రసిద్ధమైన హాథోర్న్ సంగతి. విద్యార్థులు దీనిని మేయో ప్రారంభించిన ప్రయోగమని వ్రాయుట మేము చూచినాము. అది పొరపాటు. చికాగో సమీపాన, టెలిఫోను పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథోర్న్ కర్మాగారంలో 1924 నుండే దీపాల వెలుతురుపై ప్రయోగాలు జరుగుచుండెను. వెలుతురు పెంచినా పని పెరిగినది, తగ్గించినా పెద్దగా తగ్గలేదు. ఒక సందర్భంలో వెన్నెలంత వెలుగులో సైతం ఇద్దరు యువతులు తమ పని యథావిధిగా చేసినారు. ఇంజనీర్లు తల గోక్కొన్నారు. 1927 ఏప్రిల్‌లో ఐదుగురు యువతులను వేరొక గదిలో కూర్చుండబెట్టి రెండవ ప్రయోగం మొదలుపెట్టినారు. మేయో ఆ గదిలో అడుగుపెట్టినది మరుసటి ఏడాది, 1928లో.

ఆ యువతులు చేయవలసినది రిలే అనే చిన్న పరికరం. సుమారు ముప్పదియైదు ముక్కలను ఒక నిమిషంలో కూర్చవలెను. రోజుకు ఐదువందలసార్లు అదే పని. వారికి విరామాలిచ్చినారు, ఉపాహారమిచ్చినారు, సాయంకాలం పెందలకడనే ఇండ్లకు పంపినారు, శనివారం సెలవిచ్చినారు. మార్పు మార్పుకూ పని హెచ్చినది. పన్నెండవ దశలో ఇచ్చినవన్నీ తీసివేసి పూర్వపు గంటలే పెట్టినారు. అప్పుడు కూడా పని మొదటి స్థాయికి పడిపోలేదు. తొలినాళ్ళలో వారానికి ఒక్కొక్కరు సుమారు 2400 రిలేలు చేయగా, చివరకది 3000 దరిదాపులకు చేరినది. మేయో దీనిని వివరించిన తీరు ఇది: గదిలో ఆ యువతులు మాట్లాడుకొనగలిగినారు. మార్పులు చేసేముందు వారిని సంప్రదించినారు. ఒకరికి ఒంట్లో బాగులేనినాడు మరొకరు చేయి అందించినారు. ఐదుగురు వేర్వేరు పనివారు ఒక కుటుంబమైనారు.

దీని వెంటనే 1928 నుండి 1930 వరకు కర్మాగారమంతటా సుమారు ఇరువదియొక్క వేలమందితో ముఖాముఖి సంభాషణలు జరిగినవి. మొదట ప్రశ్నల పట్టిక చేతబట్టుకొని కూర్చున్నారు. కార్మికులు మాత్రం ఆ ప్రశ్నలను పక్కకు నెట్టి తమకు తోచినది చెప్పుకొన్నారు. పట్టిక పారవేసి, వాదించక, సలహా చెప్పక, వినుట ఒక్కటే చేయవలెనని మేయో బోధించినాడు. అరగంట సంభాషణ గంటన్నర సాగినది. ఒక యువతి తన పైఅధికారిపై కారణం తెలియని ద్వేషం పెంచుకొన్నది. చెప్పుకొనుచుండగా ఆమెకే తట్టినది, ఆయన ముఖం తనకు గిట్టని సవతి తండ్రి ముఖాన్ని పోలి ఉన్నదని! బ్రిస్బేన్ సైనికుల ఎదుట నేర్చిన విద్య ఈ విధంగా కర్మాగారంలోకి వచ్చినది.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే అది స్తోత్రమగును. మేయోపై వచ్చిన విమర్శ చిన్నది కాదు. ఆ ఐదుగురిలో ఇద్దరిని మాటలు ఎక్కువైనవని 1928 జనవరిలో తీసివేసి వేరొకరిని తెచ్చినారు. ఒక కుటుంబమైన గది కథలో ఈ ముక్కను చాలా పాఠ్యగ్రంథాలు విడిచిపెడతాయి. గదిలోకి రాకముందు ఆ యువతుల కూలి దాదాపు నూరుమంది చేసిన పనిని బట్టి కట్టేవారు. గదిలో తమ ఐదుగురి పనిని బట్టియే కట్టినారు. కష్టపడితే ఫలం తమకే దక్కును. ఆ కూలి పద్ధతిని మాత్రమే మార్చిన మరొక బృందంలో పని 12 శాతం పెరిగి, పాత పద్ధతి రాగానే మరల తగ్గినది. ఆస్ట్రేలియాకే చెందిన అలెక్స్ కేరీ 1967లో ఈ లెక్కలన్నీ తిరగదోడి, మేయో చెప్పిన స్నేహభావానికంటె డబ్బుకూ అదుపుకూ ఎక్కువ సాక్ష్యమున్నదని వాదించినాడు. చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పవలెనన్న ధర్మం బాల్యం నుండి విన్న మాకు ఆ వాదంలో చాలా పాలు సబబుగానే తోచినది.

ఇంతకంటె లోతైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. కూలి చాలదని పనివాడు మొరపెట్టుకొనినప్పుడు అది అలసిన మనస్సు పలవరింతయా, లేక ఉన్న సత్యమా? మేయో మొదటివైపే మొగ్గినాడు. 1919లో అచ్చైన తొలి గ్రంథం నుండి ఆయన దృష్టిలో సమ్మె ఒక మానసిక రుగ్మతకు గుర్తు. కార్మిక సంఘాలకు ఆయన గ్రంథాలలో తగిన చోటు లేదు. వైద్యుడు కాలేకపోయిన మనిషి సమాజాన్నే రోగిగా చేసుకొన్నాడేమోనని మాకొక్కొక్కప్పుడు అనిపించును. వినేవాడు యజమాని జీతం మీద ఉన్నప్పుడు ఆ వినికిడి ఎవరి పక్షమన్న అనుమానం కూడా నిలిచే ఉన్నది. హాథోర్న్‌లోనే 1931 నవంబరు నుండి 1932 మే వరకు పదునలుగురు పురుషుల గదిని పరిశీలించినారు. వారు తమలో తాము ఒక హద్దు గీసుకొని అంతకు మించి పనిచేయలేదు. మించినవాని భుజంపై తోటివారే ఒక గుద్దు గుద్దేవారు. ఎక్కువ చేస్తే కూలి రేటు తగ్గింతురని వారి భయం. అది ఆర్థికమాంద్యపు కాలం, కర్మాగారంలో వేలాదిమంది పనులు పోవుచుండెను. ఆ భయాన్ని రుగ్మత అనుటకు మాకు నోరు రాదు.

అయినను ఎదుట కూర్చున్న ఒక్క మనిషి విషయంలో మేయో నిజమైన వైద్యుడే. హార్వర్డ్‌లో దారి తెలియక తల్లడిల్లుచున్న ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్ అనే విద్యార్థి సలహాకై వచ్చి ఆయన వద్దనే ఉండిపోయినాడు. 1939లో హాథోర్న్ పరిశోధనల బృహద్గ్రంథాన్ని డిక్సన్‌తో కలిసి వ్రాసినది ఆ రోత్లిస్‌బర్గరే. డాక్టరు మేయో అని అందరూ పిలిచిన ఆయనకు వైద్యపట్టం లేదు, పరిశోధనపట్టమూ లేదు. పారిశ్రామిక నాగరికతలో మానవ సమస్యలపై 1933లో ఒక గ్రంథం, సామాజిక సమస్యలపై 1945లో మరొకటి వెలువరించినాడు. పనిలో ఒంటరితనం మనిషిని ఎట్లు కృశింపజేయునో చెప్పిన ఆ పెద్దమనిషి, భార్యాపిల్లలు సముద్రానికి ఆవల ఉండగా, ఎన్నో ఏండ్లు తానే ఒంటరిగా గడిపినాడు.

1947లో పదవీవిరమణ చేసి ఇంగ్లండు చేరినాడు. 1949 సెప్టెంబరు 7న అక్కడి గిల్డ్‌ఫర్డ్‌లో మరణించినాడు. కార్మికుల మాటలు వినుటకు హాథోర్న్‌లో 1936లో ఏర్పరచిన శాఖ 1956 వరకు నడిచినది. కర్మాగారం 1983లో మూతపడినది. ఆ ఐదుగురు యువతులు రోజూ ఎన్ని రిలేలు కూర్చినదీ, ఏమేమి మాట్లాడుకొన్నదీ వ్రాసిన కాగితాలు మాత్రం హార్వర్డ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నవి.