చెరసాలలో దుర్గాబాయిగారు నేర్చినది

ఇంగ్లండులో 1813లో న్యూగేటు చెరసాలకు వెళ్లి, పసిబిడ్డలతో అక్కడ మగ్గుచున్న స్త్రీలకు బట్టలిచ్చి, తరువాత ఆ పిల్లలకు బడి పెట్టించిన ఎలిజబెత్ ఫ్రైగారిని గూర్చి మేము వేదాంత కళాశాలలో చదివితిమి. సంఘములలో ప్రసంగించితిమి కూడ. అయితే మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయిగారిని అదే వరుసలో తలంచుట మాకు చాల ఆలస్యముగా తట్టినది.

ఆమె 1909 జూలై 15న జన్మించిరి. ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. పెరిగిన పిమ్మట ఆమె ఆ బంధమును విడిచిరి. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహము చేసినందున వేలూరు చెరసాలకు పంపబడిరి.

అక్కడ హత్యానేరముపై శిక్ష అనుభవించుచున్న ఆంధ్ర స్త్రీలును ఉండిరి. వారి సంగతులు వినుకొలది ఆమె కలవరపడిరి. చేయని నేరమునకు శిక్షపడినవారు కొందరు. అక్షరము రాదు, వకీలును పెట్టుకొన రొక్కము లేదు, న్యాయాధిపతి యెదుట ఏమి చెప్పుకొనవలెనో తెలియదు. చట్టము మగవానికిని ఆడదానికిని ఒకటే యందురు. దానిని చదువగలవాడొకడు, చదువలేనిది మరియొకతె అయినప్పుడు ఒకటే యెట్లగును? మన పెద్ద కొడప్‌గల్‌లోనైనను, కాగితము ముందు పెట్టగానే అందులో ఏమున్నదని అడుగక బొటనవ్రేలు చాపు తల్లులను మేము చూచియున్నాము. అడిగిన పెద్దలకు కోపము వచ్చునని వారి భయము.

దుర్గాబాయిగారు ఆ స్త్రీల పక్షమున అడుగుటకై న్యాయశాస్త్రము చదువ నిశ్చయించిరి. మరియొకసారి జైలుకు వెళ్లినప్పుడు మధురలో ఒంటరి కొట్టులో ఉంచగా ఆరోగ్యము చెడెను. అయినను విడుదల పొంది, ఇరువదేండ్లు దాటిన పిదప మెట్రిక్ పరీక్షకు కూర్చొనిరి. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు ఆడపిల్లలకు వసతిగృహము లేదనగా, పత్రికలో ప్రకటన వేసి, తోటి విద్యార్థినులను కూర్చి, వసతిగృహమును తామే నడిపిరి! 1942లో న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసు హైకోర్టులో వకీలైరి.

రాజ్యాంగ సభ సభ్యత్వము, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షత మీరెరిగినవే. ఆ యేడే చైనా దేశము చూచివచ్చి, ఇంటి తగవులకు వేరుగా కుటుంబ న్యాయస్థానములు కావలెనని పట్టుబట్టిరి. 1981 మే 9న కన్నుమూసిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చెను. ఆ న్యాయస్థానములో వకీలు హక్కుగా నిలువరాదు. వచ్చిన స్త్రీ తన మాట తానే చెప్పుకొనును.