గిడుగు నేర్పిన పాఠం సేద్యానికీ పనికొస్తుంది

పాతపట్నానికి పర్లాకిమిడి కూతవేటు దూరం. నడుమ రాష్ట్రాల సరిహద్దు ఉందన్న మాటేగాని, సంతలూ చుట్టరికాలూ అటూ ఇటూ ఒకటే. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు యాభై ఏళ్లకు పైగా బతికారు. వాడుకభాష కోసం పోరాడిన పండితుడిగా ఆయన అందరికీ తెలుసు. ఆయనతో రైతుకూలీలకేం పని అని అడగొచ్చు. పని ఉందనే మేమంటాం.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. ముందు మీరు తెలుగు నేర్చుకురండి అనలేదు, తానే సవర నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. సవరల్ని ఇంట్లో ఉంచుకుని, మన్యంలో తిరిగి, ఒక్కో మాటా పోగేశారు. మన్యం జ్వరాలకు మింగిన క్వినైనుతో వినికిడి పోయింది. అయినా పని మానలేదు. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే, ఒప్పుకోక ఊరొదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన రైతు నాయకుడు కాదు. తెల్లదొరలిచ్చిన రావుబహదూర్ బిరుదునూ పుచ్చుకున్నారు. ఆ సంగతి మేం దాచం. అయినా ఆయన పద్ధతి మనకు కావాలి.

ఎందుకంటే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాను ఊడ్చేసింది. తీరాన కొబ్బరి, జీడితోటలు కూలాయి. వంశధార పొంగి వరి మునిగింది. అంతకు ముందే, 2011లో కేంద్రం వాతావరణాన్ని తట్టుకునే సేద్యం కోసం ఒక పథకం పెట్టింది. రెండు వారాల దాకా మునకకు ఓర్చుకునే స్వర్ణ సబ్-1 వరి 2009లోనే విడుదలైంది. 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి సేద్యం పథకమూ నడుస్తోంది. కాని కాగితం మీద ఆ సేద్యం పేరు వాతావరణ స్థితిస్థాపక వ్యవసాయం! గెడ్డ పక్కన ఎకరం కౌలు చేసేవాడికి ఈ మాట ఏం తెలుస్తుంది? వాన ముందొచ్చినా, వెనకొచ్చినా, వరద ముంచినా పంటంతా పోకుండా చూసుకునే సేద్యం అంటే తెలీదా?

మాట ఒక్కటే చాలదు. ఎవరితో చెబుతున్నారన్నదీ ముఖ్యమే. పట్టాదారుకి చెబితే కౌలుదారుకి చెప్పినట్టు కాదు. ఉబాలు మాని ఎదలు చల్లమంటే నీళ్లు మిగులుతాయి, నిజమే. కాని నాట్లేసే ఆడకూలీల పనిదినాలు తెగిపోతాయి. ఆ లెక్క కూడా వాళ్ల ముందే తేలాలి.

కార్యకర్తలారా! ఈసారి ఉబాలకు ముందే కూలిపేటకు పోదాం. ఏ విత్తనం ఉందో, ఏ సాయం వస్తుందో అక్కడి మాటలో చెబుదాం. చెప్పేముందు గిడుగు పంతుల్లాగా కూర్చుని విందాం. ఏ వానకు ఏ మడి మునుగుతుందో వాళ్లకే తెలుసు.