రాజీనామాతో మలుపు తిరిగిన మిల్‌స్టీన్ కెరియర్

మెడికల్ షాపులో దొరికే ప్రెగ్నెన్సీ కిట్ చూసే ఉంటారు. రెండు గీతలొస్తే పాజిటివ్. కొవిడ్ రోజుల్లో ముక్కులోంచి శాంపిల్ తీసి చేసిన ర్యాపిడ్ టెస్టూ అలాంటిదే. ఆ గీతను తెప్పించేవి మోనోక్లోనల్ యాంటీబాడీలు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివేవాళ్లకు ఇది సిలబస్‌లో ఒక చాప్టర్. దాని వెనకున్న సీజర్ మిల్‌స్టీన్ గురించి మాత్రం పాఠంలో ఒక్క లైనే ఉంటుంది.

ఆయన 1927లో అర్జెంటీనాలోని బహియా బ్లాంకాలో పుట్టారు. వలస వచ్చిన యూదు కుటుంబం, తల్లి టీచర్. బ్యూనస్ ఎయిర్స్ యూనివర్సిటీలో మిల్‌స్టీన్ టాపరేమీ కాదు. విద్యార్థి సంఘం రాజకీయాల్లో బాగా తిరిగారు. డిగ్రీ అయ్యాక సీలియాను పెళ్లి చేసుకుని, ఇద్దరూ దాదాపు ఏడాదిపాటు దొరికిన బండెక్కి యూరప్ అంతా చుట్టేశారు. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ లేదు. క్లినికల్ ల్యాబ్‌లో పార్ట్‌టైమ్‌గా పనిచేస్తూ 1957లో దాన్ని పూర్తిచేశారు. తర్వాత ఫెలోషిప్ మీద కేంబ్రిడ్జ్ వెళ్లారు. ఇన్సులిన్ ప్రొటీన్ నిర్మాణాన్ని విప్పి చెప్పిన ఫ్రెడ్ శాంగర్‌తో పరిచయం అక్కడే. 1960లో రెండో పీహెచ్‌డీ కూడా చేతికొచ్చింది.

1961లో స్వదేశం పిలిచింది. మాల్‌బ్రాన్ ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా పెట్టిన మాలిక్యులర్ బయాలజీ విభాగానికి ఆయనే హెడ్. ముప్పై నాలుగేళ్లకే అలాంటి కుర్చీ! కానీ 1962లో సైనిక తిరుగుబాటు జరిగింది. డైరెక్టర్‌ని తీసేశారు, మిల్‌స్టీన్ విభాగంలోని వాళ్లనూ ఇంటికి పంపారు. ఆయన ఉద్యోగం ఉంది, అయినా నిరసనగా రాజీనామా చేసేశారు. 1963లో మళ్లీ కేంబ్రిడ్జ్‌లో, శాంగర్ దగ్గర చేరారు. అప్పటిదాకా ఎంజైముల మీద పనిచేసిన ఆయన్ను యాంటీబాడీల వైపు మళ్లించింది శాంగరే.

సమస్య ఏంటంటే.. మన ఒంట్లో లక్షల రకాల యాంటీబాడీలు ఉంటాయి. ఒక్కో బి-కణం ఒక్క రకాన్నే తయారుచేస్తుంది. కావాల్సిన కణాన్ని బయటికి తీసి పెంచుదామంటే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. మైలోమా అనే క్యాన్సర్ కణాలు మాత్రం చావకుండా పెరుగుతూనే ఉంటాయి, కానీ వాటి నుంచి మనక్కావాల్సిన యాంటీబాడీ రాదు. 1974లో పోస్ట్‌డాక్‌గా వచ్చిన జార్జెస్ కోలర్, మిల్‌స్టీన్ కలిసి ఈ రెండింటినీ ఒకటి చేశారు. గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించిన ఎలుక ప్లీహం నుంచి బి-కణాలు తీసి, సెందాయ్ వైరస్ సాయంతో మైలోమా కణాలతో కలిపారు. తర్వాత హ్యాట్ మీడియంలో వేశారు. అందులో మైలోమా కణాలు బతకవు, ప్లీహం కణాలు ఎలాగూ ఎక్కువ రోజులుండవు. మిగిలేవి జంట కణాలే. వాటి పేరే హైబ్రిడోమా.

1975 ఆగస్టులో నేచర్‌లో మూడు పేజీల పేపర్ వచ్చింది. మందు కనిపెడదామని మొదలుపెట్టిన పని కాదిది. యాంటీబాడీల్లో అంత వైవిధ్యం ఎలా వస్తుందో తెలుసుకోవడమే వాళ్ల ఉద్దేశం. పేపర్ వచ్చాక ఇంకో తలనొప్పి. అదే ప్రయోగం నెలల తరబడి మళ్లీ కుదరలేదు! చివరికి హ్యాట్ మీడియం కోసం కలిపిపెట్టుకున్న ఒక స్టాక్ ద్రావణమే కణాలను చంపేస్తోందని ల్యాబ్‌లోని జోవన్నీ గల్‌ఫ్రే పట్టుకున్నారు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ఈ బాధ తెలుసు.

పేటెంట్ సంగతి వేరే కథ. విషయం బ్రిటన్ ప్రభుత్వ సంస్థ దాకా వెళ్లింది. వెంటనే వ్యాపారానికి పనికొచ్చేది ఏముందని వాళ్లు వదిలేశారు. మిల్‌స్టీన్ తన కణాలను అడిగినవాళ్లకల్లా పంపించారు. అవే కణాలు వాడి అమెరికాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ 1979, 80లో పేటెంట్లు తీసుకుంది. బ్రిటన్‌లో దీనిమీద పెద్ద గొడవే అయింది.

1984లో మిల్‌స్టీన్, కోలర్, నీల్స్ జెర్నేలకు నోబెల్ వచ్చింది. అప్పటికి కోలర్ వయసు 38. తొలి మోనోక్లోనల్ మందుకు 1986లో అనుమతి దొరికింది, కిడ్నీ మార్పిడి రోగులకు. అయితే ఎలుక యాంటీబాడీని మన ఒళ్లు పరాయిదిగానే చూస్తుంది. దాన్ని మనిషి యాంటీబాడీలా మార్చే దారి అదే కేంబ్రిడ్జ్ ల్యాబ్‌లో గ్రెగ్ వింటర్ చూపించారు. ఆయనకు 2018లో నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో మార్కెట్లోకి తెచ్చిన క్యాన్సర్ మందు రెడిటక్స్ ఈ కోవలోదే. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఇప్పుడు ఇలాంటి మందుల్ని ఎక్కువగా హైబ్రిడోమాల్లో కాదు, చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి వచ్చిన సీహెచ్‌ఓ కణాల్లో తయారుచేస్తారు. తేడా ఏంటని అడుగుతారు.

రిటైరయ్యాక కూడా మిల్‌స్టీన్ ల్యాబ్ మానలేదు. 2002 మార్చి 24న, 74 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జ్‌లో గుండెజబ్బుతో కన్నుమూశారు. అప్పటికీ యాంటీబాడీల వైవిధ్యం మీదే పనిచేస్తున్నారు.